ఒకే పళ్లెం చుట్టూ

(ఇబ్రహీంపట్నంలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరుగుపొరుగుతో స్నేహం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ అంశంపై ఉపన్యాసాలు మీరు చాలా విన్నారు. అందుచేత ఈ రోజు నేను భోజనం గురించి మాట్లాడతాను. అందులోనూ మన సాగర్ రహదారి పొడవునా ఇప్పుడు బోర్డుల మీద కనిపిస్తున్న మండీ గురించి. అరబ్బు భోజనం ఇటీవల మన పిల్లలకు ఎంతో ఇష్టమైన విందు అయింది. పుట్టినరోజైనా, పరీక్ష పాసైనా, మొదటి జీతం వచ్చినా పదండి మండీకి అంటున్నారు. దానిని రుచి చూసినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ పళ్లెం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని చుట్టూ కూర్చోవడంలో ఉన్న అర్థమేమిటో మాట్లాడుకొన్నది తక్కువ.

ముందుగా దాని పుట్టిల్లు. అరేబియా ద్వీపకల్పపు దక్షిణ కొసన, నేటి యెమెన్ దేశంలో హద్రమౌత్ అనే ప్రాంతం ఉంది. ఎండిన లోయలు, ఖర్జూరపు తోటలు, మట్టి మేడలు ఉన్న నేల అది. వాన తక్కువ, పంట తక్కువ. అక్కడి మగవారు తరతరాలుగా బతుకుతెరువు కోసం సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు, జావా, సుమత్రా దీవులకు, మన దక్కనుకు వలస వెళ్లారు. దక్కనుకు వచ్చినవారిలో ఎక్కువమంది నిజాం సైన్యంలో చేరారు. పటాలాలు నివసించిన బ్యారక్సులే వాడుకలో బార్కాస్ అయ్యాయి. చాంద్రాయణగుట్ట దాటగానే వచ్చే ఆ బార్కాసే నేడు హైదరాబాదులో అరబ్బు వంటలకు పేరుమోసిన పేట. ఆ సైనికుల సంతతిని మనం చావూషులు అంటున్నాము. ఆ మాట కూడా ఒక సైనిక హోదాకు చెందిన తురుష్క పదమే.

ఈ వలస చరిత్రలో ఒక విశేషం ఉంది. నిజాం కొలువులో జమాదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశీకులు హైదరాబాదులో కూడబెట్టిన ధనంతో హద్రమౌత్ తీరంలో షిహ్ర్, ముకల్లా కేంద్రాలుగా ఒక రాజ్యాన్నే స్థాపించారు. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. అంటే మన మూసీ ఒడ్డు జీతాలు అరేబియా తీరపు కోటలకు పునాదులయ్యాయి. అయితే సామాన్య సిపాయికి అంతటి భాగ్యం దక్కలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక అరబ్బు పటాలాలు రద్దయ్యాయి. కొందరిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపివేశారు. మిగిలినవారు జామతోటలూ చిన్న వ్యాపారాలూ నమ్ముకొని, ఈ నేలనే తమ దేశంగా చేసుకొని బతికారు. 1970ల తరువాత చమురు దేశాలలో పనులు దొరికినప్పుడు వారి పిల్లలు మళ్లీ సముద్రం దాటారు. వారితోపాటు మన కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు పిల్లలు కూడా వెళ్లారు. అక్కడి మెస్సులలో, వంటశాలలలో నేర్చుకొన్న రుచులే తిరిగి వచ్చినవారి వెంట వచ్చి, గత పాతికేళ్లలో బార్కాసు, ఎర్రకుంట, షాహీన్‌నగర్ వీధులలో హోటళ్లయ్యాయి. కూలి కోసం పోయినవాడు తెచ్చిన భోజనం ఇది. ఈ సంగతి మనసులో ఉంచుకొంటే ఆ పళ్లెం ముందు మనకు గర్వం పుట్టదు, కృతజ్ఞత పుడుతుంది.

ఇక వంట సంగతి. మండీ అన్న పేరు మంచు, తేమ అనే అర్థమున్న నదా అనే అరబ్బీ పదం నుంచి వచ్చిందంటారు. నేలలో గొయ్యి తవ్వి, లోపల మట్టితో మెత్తి పొయ్యి కడతారు. అడుగున కట్టెలు కాల్చి నిప్పులు చేస్తారు. నిప్పుల మీద బియ్యం గిన్నె, దానిపైన మసాలా రాసిన మాంసం వేలాడదీసి, మూత వేసి, ఆవిరి పోకుండా మూసివేస్తారు. మాంసం తన కొవ్వులోనే మెత్తబడుతుంది. కారిన రసం చుక్కచుక్కగా కింది బియ్యంలోకి దిగుతుంది. మన దమ్ బిర్యానీలో మాంసమూ బియ్యమూ పొరలుపొరలుగా ఒకే గిన్నెలో ఉడుకుతాయి. మండీలో అవి వేరుగా ఉంటూనే ఒకదాని సారం మరొకటి పొందుతాయి. కారం తక్కువ, పొగ వాసన ఎక్కువ. గుంటూరు మిరపకు అలవాటుపడిన నాలుకకు మొదటి ముద్ద చప్పగా తోస్తుంది. నాలుగో ముద్దకు బియ్యంలోని రుచి తెలిసివస్తుంది. పక్కన ఇచ్చే టమాటా, పచ్చిమిరప పచ్చడి కూడా యెమెన్ నుంచి వచ్చినదే, సహావిక్ దాని పేరు. భోజనానికి ముందు పోసే మాంసపు చారును అరబ్బీలో మరక్ అంటారు, హైదరాబాదీలు మరగ్ అన్నారు. పెళ్లి విందులలో మనం ఎప్పటినుంచో తాగుతున్న మరగ్ అరబ్బీ మాటేనని చాలామంది గమనించరు.

రంజాను హలీము కూడా ఆ ఇంటి బిడ్డే. గోధుమ, మాంసం మాత్రమే కలిపి మెత్తగా రుబ్బిన హరీసు దాని తల్లి. హరీసు పదో శతాబ్దపు బాగ్దాదు వంటల గ్రంథంలోనే కనిపిస్తుంది. దక్కనులో దానికి పప్పులూ మసాలాలూ నెయ్యీ తోడై హలీమైంది. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. హరీసు వండే విద్యను 2023లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. బార్కాసులో ఇప్పటికీ ఉప్పు హరీసు, తీపి హరీసు రెండూ దొరుకుతాయి. ఒకే వంటకం అరేబియాలో ఒక తీరున, మన దగ్గర ఒక తీరున గౌరవం పొందింది. పరాయిది, మనది అని గీత గీయబోతే ఎక్కడ గీయాలో తెలియని చోటు వంటిల్లు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. రెండేళ్ల కిందట చలికాలంలో మేము అయిదుగురం మిత్రులం బార్కాసు వెళ్లాము. ఒకరు రైతు, రెడ్డి కులస్థులు. ఒకరు పద్మశాలి కుటుంబంలో పుట్టిన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, శాకాహారి. ఒకరు నాతోపాటు ముప్పయ్యేళ్లు కార్యాలయంలో పనిచేసిన దళిత మిత్రుడు. నేనూ, మా బంధువు ఒకరూ. బొంగుళూరు దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కి, తుక్కుగూడలో దిగి, పహాడీషరీఫ్ మీదుగా వెళ్లాము. మా అయిదుగురిలో నలుగురికి అరబ్బు భోజనం అదే మొదటిసారి. నేలమీద పరుపులు, మధ్యన పొట్టి బల్ల. అరబ్బులు మజ్లిసు అనే పద్ధతి అది. మోకాళ్ల నొప్పులను తిట్టుకొంటూ, నవ్వుకొంటూ కూర్చున్నాము.

బండిచక్రమంత పళ్లెం వచ్చింది. పసుపు, తెలుపు కలిసిన పొడవాటి మెతుకులు, వేయించిన ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, పైన మేకమాంసం. ప్రధానోపాధ్యాయుల వారికి విడిగా శనగల హమ్మస్, ఫలాఫెల్, వేడి ఖుబ్జ్ రొట్టెలు తెప్పించాము. ఆయన తృప్తిగా తిన్నారు. ఉడికించిన శనగలకు నువ్వుల ముద్ద కలిపితే ఇంత రుచి వస్తుందని తెలియక ఇన్నాళ్లూ గుడాలు మాత్రమే తిన్నామే అన్నారు. మిగిలిన మేము పళ్లెంలో చేతులు పెట్టబోయాము. నా దళిత మిత్రుడు మాత్రం చెయ్యి చాపలేదు. వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి, "నాకొక వేరే ప్లేటు తే బిడ్డా" అన్నాడు.

ఎవరూ ఆయనను వేరుగా తినమనలేదు. అయినా అడిగాడు. ఒక క్షణం అందరం ఆగిపోయాము. అప్పుడు రైతు మిత్రుడు మాంసంలో మంచి ముక్క తుంచి ఆయనవైపు జరిపి, "సల్లారిపోతున్నది, తినరాదే" అన్నాడు. ఆయన తిన్నాడు. తరువాత మాటలు సాగాయి, నవ్వులు సాగాయి, పళ్లెం ఖాళీ అయింది. చివర చిన్న కప్పులలో అల్లం వేసిన గహ్వా తాగాము.

తిరుగు ప్రయాణంలో ఆయన తన చిన్ననాటి సంగతి చెప్పాడు. ఊరి చాయ్ హోటలులో తమ వాడవారి గ్లాసులు చూరులో చెక్కి ఉండేవట. తామే తీసుకొని, తామే కడుక్కొని, పైనుంచి పోస్తే పట్టుకొని, బయట చాయ్ తాగి, మళ్లీ చూరులో పెట్టేవారట. "కలిసి తింటే మీకెవరికైనా ఇబ్బంది అయితదేమోనని నేనే ముందు అడుగుత. అడిగితే అవమానం జరగదు గదా" అన్నాడు. కారులో ఎవరూ మాట్లాడలేదు. రైతు మిత్రునిది కూడా ఆ చుట్టుపక్కల ఊరే. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

సోదరులారా, ఒక పూట మండీ తిన్నంతమాత్రాన కులం పోయిందని నేను చెప్పను. ఆ మిత్రుడు అరవయ్యేళ్లు దాటినవాడు, పింఛను పొందుతున్నవాడు, పిల్లలను ఇంజనీర్లను చేసినవాడు. అయినా ఆయన చేతిని ఆ చూరు ఇంకా పట్టుకొనే ఉంది. అంటే అవమానం తన పని ఎంత లోతుగా చేస్తుందో గ్రహించండి. చేసేవాడు మానుకొన్న తరువాత కూడా పడినవాడు తనంతట తానే పక్కకు జరుగుతాడు.

అదే బల్ల దగ్గర రెండు వేరు పళ్లెములు ఉన్నాయని గమనించండి. ప్రధానోపాధ్యాయులు తన ఇష్టం వల్ల వేరుగా తిన్నారు. దానిలో ఎవరికీ నొప్పి లేదు. నా మిత్రుడు అడిగిన వేరు పళ్లెం భయం నుంచి వచ్చింది. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ అధ్యాయం మనకు వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి అందరూ ఒకే పళ్లెంలో తినితీరాలని నేను అనడం లేదు. ఎవరైనా వేరుగా తింటే అది వారి ఇష్టమై ఉండాలి, వేరు చేయబడినవారు మాత్రం ఎవరూ ఉండకూడదు.

మన రాజ్యాంగం కూడా ఈ బల్ల దాకా వచ్చింది. అస్పృశ్యతను 17వ అధికరణం నిషేధించిన సంగతి అందరికీ తెలుసు. 15వ అధికరణం రెండో భాగాన్ని కూడా చదవండి. దుకాణాలు, ప్రజా భోజనశాలలు, హోటళ్లలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన స్థలం కారణంగా ఎవరికీ ఆటంకం ఉండరాదని అందులో ఉంది. దేశపు మూలశాసనం రాసినవారు హోటలు సంగతిని విడిగా పేర్కొన్నారంటే, చూరులోని ఆ గ్లాసు వారికి తెలుసు కాబట్టే.

ఆ హక్కు ఇతరులకు ఎంత అవసరమో మనకూ అంతే అవసరం. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌, ఉత్తరాఖండ్‌లలో కాంవడ్ యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలవారు తమ పేర్లు బోర్డుల మీద రాయాలన్న ఆదేశాలు వచ్చాయి. పేరు చదివితే మతం తెలుస్తుంది, మతం తెలిస్తే గిరాకీ ఆగుతుంది. సుప్రీంకోర్టు జూలై 22న ఆ ఆదేశాలను నిలిపివేసింది. ఎలాంటి ఆహారం అమ్ముతున్నారో చెబితే చాలునన్నది. వండినవాని పేరు చూసి పళ్లెం తోసివేయడానికీ, తినేవాని కులం చూసి గ్లాసు వేరు చేయడానికీ మూలం ఒక్కటే. మొదటిది మనకు జరిగినప్పుడు నొచ్చుకొనేవారము రెండోది ఎవరికి జరిగినా నొచ్చుకోవాలి.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇక మన ఇంటి దస్తర్‌ఖాన్ ముందు కూర్చొందాము. మన దావత్‌లలో అందరూ ఒకే వరుసలో కూర్చుంటున్నారా? ఫకీరు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చోబెడుతున్నాము? దూదేకుల సోదరుని ఇంటి వలీమాకు వెళ్లి తిని, అతని కూతురి సంబంధం అనగానే వంశం అడుగుతున్నామా లేదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలను బీసీ-ఇ జాబితాలో చేర్చి 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ జాబితాలో అచ్చుకట్లవారు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవారు, హజ్జాములు, ఖురేషీ కసాబులు, సిద్దీలు ఉన్నారు. సయ్యదులు, పఠాన్లు, మొఘలులు, అరబ్బులు మొదలైనవారిని అందులోంచి మినహాయించారు. దూదేకులవారు అంతకు పూర్వం నుంచే బీసీ-బిలో ఉన్నారు. సర్టిఫికెట్టు కావలసివచ్చినప్పుడు ఈ తేడాలున్నాయని దరఖాస్తులో రాస్తాము. వేదికనెక్కినప్పుడు మనలో తేడాలే లేవంటాము. మసీదులో భుజానికి భుజం తగిలించి నిలబడినవారము భోజనం దగ్గర కూడా మోకాలికి మోకాలు తగిలించి కూర్చోగలిగితేనే రెండో మాట నిజమవుతుంది. మండీకి కావలసిన మాంసం కోసే ఖురేషీ, విందుకు వచ్చిన సయ్యదు ఒకే పళ్లెంలో తినడం మన ఊళ్లలో ఎంత తరచుగా జరుగుతున్నదో ఎవరికి వారే చెప్పుకోవాలి.

సోదరీమణుల సంగతి మరొకటి. ఇంట్లో వండేది మీరు, చివరన తినేది మీరు. పొయ్యి దగ్గర వేడికి ఆకలి చచ్చాక, అడుగున మిగిలినది తినడం మీకు అలవాటైంది. మగవారు మిత్రులతో మండీకి వెళ్తున్నారు, మంచిదే. నెలకు ఒక్క పూట ఇంటి ఆడవారిని, వృద్ధులైన తల్లిని కూడా తీసుకొనివెళ్లండి. ఎవరో వండి, ఎవరో వడ్డిస్తే, వేడివేడిగా మొదటి ముద్ద తినే సుఖం వారికీ తెలియాలి. అంతటి వెసులుబాటు లేని ఇంట్లో బగారా అన్నం, దాల్చాయే పెద్ద పళ్లెంలో పెట్టుకొని అందరూ ఒకేసారి కూర్చోండి. దానికి ఖర్చు లేదు.

యువకులకు రెండు మాటలు. అరబ్బు భోజనం తిన్నందువల్ల ఎవరూ ఎక్కువ ముస్లిం కారు. అది ఒక నేల పండించిన రుచి. మన తాతలు జొన్నరొట్టె, పచ్చిపులుసు, తలకాయ కూర తిని ఈమానుతో బతికారు, ఈమానుతో పోయారు. ఈ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. ఆయన ఆ పిలుపును ప్రేమగా స్వీకరించాడు. బయటి నుంచి వచ్చినది ఇక్కడిదై, ఇక్కడిది బయటివారిదై పోవడం ఈ నేలకు కొత్త కాదు. మండీని ఇష్టంగా తినండి, జొన్నరొట్టెను చిన్నచూపు చూడకండి.

రెండో మాట, వృథా గురించి. నలుగురు తినగలిగిన చోట ఎనిమిది మందికి సరిపడా పళ్లెం తెప్పించి, ఫోటో తీసి, సగం వదిలివేయడం చూస్తున్నాము. వలీమాలలో పరువు కోసం అప్పుచేసి మండీ పెట్టడమూ మొదలైంది. ఈ వంటకాన్ని లోకానికి ఇచ్చిన యెమెన్ 2014 నుంచి యుద్ధంలో నలుగుతోంది. ప్రపంచంలోని అతి తీవ్రమైన మానవతా సంక్షోభాలలో దాన్ని ఒకటిగా ఐక్యరాజ్య సమితి పదేపదే చెప్పింది. అక్కడి తల్లులు బిడ్డలకు పిడికెడు పిండి కోసం వరుసలో నిలబడుతుండగా, వారి వంటకం మన పళ్లెంలోంచి చెత్తబుట్టలోకి పోవడం న్యాయమా? పళ్లెంలో తన ముందున్న భాగం నుంచే తినాలన్నది ప్రవక్త మహనీయులు, సల్లల్లాహు అలైహి వసల్లం, నేర్పిన మర్యాద. ఎదుటివాని వాటాను గౌరవించడమే దానిలోని నీతి. ఆ ఎదుటివాడు బల్లకు అవతల ఉన్నా, సముద్రానికి అవతల ఉన్నా అతని వాటా అతనిదే.

చివరగా మీరందరూ చేయగలిగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. రాబోయే రంజాను ఇఫ్తార్‌లకు నాయకులను పిలుస్తాము, వేదిక కడతాము, శాలువాలు కప్పుతాము. ఈసారి మన మండలంలో ప్రతి మసీదు కమిటీ కనీసం ఒక్క సాయంత్రం వేదిక లేని ఇఫ్తార్ చేయాలని నా విన్నపం. మసీదును ఊడ్చే కార్మికురాలి కుటుంబాన్ని, ఊరి దళితవాడ పెద్దలను, మాంసం తిననివారిని, మన ఫకీరు, దూదేకుల సోదరులను ఆహ్వానిద్దాము. తిననివారికి తినగలిగినది శుభ్రంగా విడిగా వండుదాము. పెద్ద పళ్లెములు పెట్టి, పెట్టినవారే వారితో కూర్చొందాము. ఎవరైనా వేరే ప్లేటు అడిగితే వెంటనే ఇద్దాము, కానీ దానిని అడిగించినది ఇష్టమో, భయమో తెలుసుకొనేంత దగ్గరగా కూర్చొందాము.

ఖుర్ఆన్‌లో అయిదో అధ్యాయం పేరు మాయిదా. ఆహారం పరచిన బల్ల అని దాని అర్థం. ఒక అధ్యాయానికి ఆ పేరు ఉన్న గ్రంథాన్ని చదివేవారము మన బల్లను చిన్నదిగా ఉంచుకోరాదు. దానిని వెడల్పు చేసే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.